రూడాల్ఫ్ డీజిల్ జీవితచరిత్రము

మన మాడుగుల, చోడవరము ప్రాంతముల పల్లెలలో పెరిగిన పెద్దలకు ఒక చప్పుడు చిరపరిచితము. చెరకు నరకు దినములలో తెల్లవారుజామున పొలముగట్టునగల పాకనుండి టక్కు టక్కుమని క్రమము తప్పని ధ్వని వెలువడుచుండెడిది. ఆ ధ్వని వినబడినంతనే గానుగ తిరుగుచున్నదనియు, బెల్లపు పెనము పొయ్యిమీది కెక్కినదనియు ఊరివారు గ్రహించెడివారు. బావినీటిని చేలకు తోడుటకును, ధాన్యమును మరపట్టి బియ్యము చేయుటకును గూడ అట్టి యంత్రమే యాధారమై యుండెడిది. విద్యుచ్ఛక్తి పల్లెలకు ప్రాకిన పిమ్మట ఆ యింజనులు పెక్కులు మూలబడినవి. దుమ్ము కప్పుకొని, త్రుప్పు పట్టి, కోళ్లకు నిలువనీడయై పాకలోని యొక మూలనున్న యింజనును చూడనివారు మనలో నరుదు.

దానిని మనవారు ఆయిలింజననియు, డీజిలింజననియు వ్యవహరింతురు. బంకులో పోయించుకొను నూనెకును డీజిలనియే పేరు. ఈ మాటను దినమునకు పదిమారు లుచ్చరించువారిలో అది యొక మానవుని పేరని యెరిగినవారు కొలదిమందియే. ఆతడు సామాన్య కుటుంబమున బుట్టి, విద్యచే పైకివచ్చి, లోకమునకంతకు నుపయోగపడు యంత్రమును కనిపెట్టి, తుదకు తన సంసారమును మాత్రము నిలుపుకొనజాలక నడిసముద్రమున నదృశ్యుడయ్యెను. ఆతని చరిత్రమును, ఆతని చరిత్రమునుండి మూలబడిన యింజనుకు మరల ప్రాణము పోయగోరువాడు నేర్వదగిన పాఠమును ఇచట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

బాల్యము

రూడాల్ఫ్ డీజిల్ 1858 వ సంవత్సరము మార్చి 18 వ తేదీని ఫ్రాన్సు రాజధానియగు పారిసు నగరమున జన్మించెను. ఆతని తలిదండ్రులు జర్మనీ దేశస్థులు. తండ్రి థియొడోరు ఆగ్సుబర్గు పట్టణమునుండి బ్రతుకుదెరువునకై పారిసు చేరి, పుస్తకములకు బైండు కట్టుచు, తోలుసంచులు మున్నగు వస్తువులు చేసి విక్రయించుచుండెను. పనిచేయుచోటు నివాసము నొక్కటియే. బాలుడగు రూడాల్ఫు తయారైన సరకును తోపుడుబండిపై నుంచుకొని కొనుగోలుదారుల యిండ్లకు చేర్చుచుండెను. తీరిక దొరికినప్పుడెల్ల ఆ నగరముననున్న యంత్రముల ప్రదర్శనశాలకు పోయి, పూర్వకాలపు ఆవిరిబండి మున్నగువాని యెదుట నిలుచుండి, వాని భాగములను తదేకదృష్టితో జూచుచు కాగితముపై చిత్రించుకొనుచుండెను. అచట ఆతనికి బోధించువా రెవ్వరును లేరు. చూచుటయే ఆతని మొదటి చదువు.

ఆతనికి పండ్రెండేండ్లు నిండినపిమ్మట, 1870 వ సంవత్సరమున, ఫ్రాన్సునకును ప్రష్యాకును యుద్ధము సంభవించెను. పారిసుననున్న జర్మనులు ఊరువిడిచి పోవలసివచ్చెను. డీజిల్ కుటుంబము చేతికందిన సామానుతో లండను నగరమునకు పోయి తలదాచుకొనెను. అచట తిండికే కటకటగా నుండెను. అందుచే తల్లి గుండె రాయి చేసుకొని, పండ్రెండేండ్ల బాలుని ఆగ్సుబర్గులోని పినతండ్రివరుస బంధువగు బార్నికెల్ గారి యింటికి పంపివేసెను. ఆ బార్నికెల్ గారు అచటి వృత్తివిద్యాలయమున గణితోపాధ్యాయుడు. ఆయనయు ఆయన భార్యయు బాలుని కన్నబిడ్డవలె పెంచిరి. యుద్ధము ఆతని నిల్లు విడిపించినది గాని, ఉపాధ్యాయుని యిల్లు ఆతనికి మార్గము చూపినది. పదునాలుగేండ్ల ప్రాయముననే తాను యంత్రశాస్త్రజ్ఞుడ నయ్యెదనని రూడాల్ఫు తలిదండ్రులకు జాబు వ్రాసెను.

ఆగ్సుబర్గు పాఠశాలలో నొక చిన్న పరికరము ఉండెనని చెప్పుదురు. అది ఒకవైపు మూసిన గాజుగొట్టము. అందులో బిగువుగా కదలు ఒక కడ్డీ. గొట్టములో కొంచెము దూది నుంచి కడ్డీని చురుకుగా లోనికి త్రోసినయెడల గాలి కుదించుకొనిపోయి, ఆ వేడిమికి దూది భగ్గున మండును. నిప్పుపుల్ల లేదు, చెకుముకిరాయి లేదు. గాలి నొత్తుటయే నిప్పు పుట్టించుచున్నది. సైకిలుచక్రమునకు గాలి కొట్టిన బాలుడెవ్వడైనను పంపు అడుగుభాగము వేడెక్కుట గమనించియే యుండును. ఈ స్వల్పవిషయమే పిమ్మట డీజిల్ యంత్రమునకు ప్రాణమైనది.

విద్యాభ్యాసము

1873 లో ఆతడు తరగతి కంతకు మొదటివాడుగా నుత్తీర్ణుడయ్యెను. 1875 లో మ్యూనికు పట్టణమునందలి సాంకేతిక కళాశాలలో చదువుటకు ఉపకారవేతనము లభించెను. తలిదండ్రులు తమ కుమారుడు వెంటనే పనిలో చేరి నాలుగురాళ్లు తెచ్చునని యాశించిరి. అయినను రూడాల్ఫు చదువునే వరించెను. అది అవిధేయత యని కొందర కనిపింపవచ్చును. కాని ఉపకారవేతనముపై బ్రతుకుచు, ఇంటిపై భారము వేయక చదివిన వానిని నిందించుట కష్టము.

ఆ కళాశాలలో కార్ల్ లిండె యను ఆచార్యుడు ఉష్ణశాస్త్రమును బోధించుచుండెను. మంచుగడ్డలు చేయు యంత్రములను సమర్థముగా నిర్మించి కీర్తిగన్న వాడాయన. 1878 లో నొకనాడు ఆయన పాఠము చెప్పుచు, ఆవిరియంత్రములో కాల్చిన బొగ్గునుండి పుట్టు వేడిమిలో నూటికి పదిపాళ్లైనను పనిగా మారుట లేదనియు, తక్కినదెల్ల పొగగొట్టముగుండ వృథాగా పోవుచున్నదనియు వివరించెను. తరగతిలో నెందరో ఆ మాటను విని మరచిపోయిరి. డీజిల్ మాత్రము దానిని తన పుస్తకపు అంచున గుర్తించుకొని, ఆ వ్యర్థమును తగ్గించు యంత్రమును నిర్మించుట తన జీవితకార్యముగా నిశ్చయించుకొనెను.

1879 లో పరీక్షాసమయమునకు ఆతనికి సన్నిపాతజ్వరము వచ్చి పరీక్ష తప్పిపోయెను. మరల పరీక్ష జరుగువరకు ఊరక కూర్చుండక, స్విట్జర్లాండులోని వింటర్థూరున సుల్జర్ సోదరుల యంత్రశాలలో చేరి చేతిపని నేర్చుకొనెను. 1880 జనవరిలో మిక్కిలి యున్నతమైన మార్కులతో కళాశాల పరీక్షలో కృతార్థుడయ్యెను.

పిమ్మట గురువగు లిండె యొక్క మంచు కర్మాగారపు పనిపై పారిసు వెళ్లి, ఏడాదికే దానికి అధికారియయ్యెను. 1883 లో మార్తా ఫ్లాషె యను కన్యను వివాహమాడెను. వారికి ఇద్దరు కుమారులును ఒక కుమార్తెయు గలిగిరి. పగలు మంచుయంత్రముల పని, రాత్రులు తన స్వప్నయంత్రపు పని. అమోనియా ఆవిరితో నడచు యంత్రమునకై యేండ్లకొలది శ్రమించెను, అది ఫలింపలేదు. ఆ వైఫల్యమునుండియే అధికమైన ఒత్తిడి, అధికమైన వేడిమి అనువాని స్వభావము ఆతనికి బోధపడెను. 1890 లో సకుటుంబముగా బెర్లిను నగరమునకు తరలివచ్చెను.

యంత్రనిర్మాణము

అప్పటికి పెట్రోలువంటి వాయువులతో నడచు యంత్రము లుండెను. వానిలో గాలిని నూనెయావిరిని కలిపి లోనికి పీల్చి, నిప్పురవ్వతో నంటింతురు. డీజిల్ ఊహ వేరు. కేవలము గాలినే లోనికి తీసికొనవలెను. దానిని ముషలకము, అనగా పిస్టను, మిక్కిలి బిగువుగా నొత్తవలెను. ఆ యొత్తిడికి గాలి నిప్పువలె కాగును. అప్పుడు మాత్రమే నూనెను లోనికి చిమ్మవలెను. నూనె తనంతట తానే మండి పిస్టనును క్రిందికి త్రోయును. నిప్పురవ్వతో పనిలేదు. గాలిని ఎంత యెక్కువగా కుదించిన, వేడిమిలో నంత యెక్కువపాలు పనిగా మారును.

1892 లో ఆతడు ఈ యూహకు హక్కుపత్రమునకై దరఖాస్తు పెట్టగా, 1893 ఫిబ్రవరిలో జర్మను ప్రభుత్వము దానిని మంజూరు చేసెను. అదే సంవత్సరమున తన సిద్ధాంతమును చిన్నపుస్తకముగా ప్రకటించెను. దానిని కొందరు పండితులు మెచ్చిరి. మరికొందరు అసాధ్యమని త్రోసివేసిరి. ఆగ్సుబర్గు యంత్రశాల కధిపతియగు హైన్రిక్ బుజ్ గారు తొలుత నిరాకరించి, పిదప ప్రయోగమున కంగీకరించెను. ఎస్సెను పట్టణపు క్రుప్ కంపెనీవారును ధనసహాయము చేసిరి.

ఇచ్చట చదువరులు గమనింపదగిన విషయ మొకటి కలదు. డీజిల్ పుస్తకములోని లెక్క యథాతథముగా సరియైనది కాదు. అందు జెప్పిన ప్రకారము 250 వాతావరణముల యొత్తిడి కావలెను. అట్లు చేసిన యంత్రము తన రాపిడిని తాను జయించుటకే చాలదు. ఆతడే దీనిని త్వరలో గ్రహించి, లోలోపల తన పద్ధతిని సవరించుకొనెను. కాని ఆ తప్పును బహిరంగముగా నొప్పుకొనలేదు. పిమ్మటి కాలమున ప్రతిపక్షులు ఈ విషయమును పట్టుకొని ఆతనిని మిక్కిలి బాధించిరి. ఒక్కవాక్యముతో తీరవలసిన మాట యేండ్లకొలది వివాదమైనది.

1893 ఆగస్టు 10 వ తేదీని మొదటి యంత్రమునందు తొలిసారి నూనె చిమ్మబడెను. ఆ యంత్రము సుమారు మూడు మీటర్ల యెత్తైన యినుపస్తంభమువంటిది. నూనె పడినంతనే లోపల పిడుగువంటి మంట పుట్టి, ఒత్తిడిని కొలుచు సాధనము ముక్కలై గాలి కెగసెను. దగ్గరనున్నవారు కొంచెములో తప్పించుకొనిరి. యంత్రము తిరుగలేదు. కాని ఒత్తిడిచేతనే నూనె మండునను సంగతి మాత్రము రుజువయ్యెను. ఆనాడు చూచినవారు దానిని ఓటమి యనిరి. డీజిల్ దానిని విజయముగా నెంచెను.

1894 ఫిబ్రవరి 17 వ తేదీని సవరించిన యంత్రమును కర్మాగారపు తోలుపట్టీతో త్రిప్పుచుండిరి. పట్టీ లాగబడు తీరు ఆకస్మికముగా మారుటను లిండర్ అను పనివాడు గమనించెను. అంతవరకు పట్టీ యంత్రమును లాగుచుండగా, ఇప్పుడు యంత్రమే పట్టీని లాగుచున్నది! ఆతడు నోట మాటలేక, తలపైని టోపీని తీసి వందనము చేసెనని చెప్పుదురు. యంత్రము తనంతట తాను తిరిగినది ఒక్క నిమిషము మాత్రమే. ఆ యొక్క నిమిషమును నిత్యవ్యాపారముగా మార్చుటకు మరి మూడేండ్లు పట్టెను. నూనెను సన్నని తుంపరగా చిమ్ముట యెట్లు, ఒత్తిడి కారిపోకుండ ఆపుట యెట్లు, వేడికి లోహము పగులకుండ కాపాడుట యెట్లు అను మూడు ప్రశ్నలతో ఆ యంత్రశాల రేయింబవళ్లు పెనగులాడెను. ఇమానుయేల్ లౌస్టర్ మున్నగు సహచరుల నేర్పు ఈ పనిలో డీజిల్ బుద్ధికి తోడుపడెను.

1897 ఫిబ్రవరి 17 వ తేదీని, సరిగా మూడేండ్లకు, మ్యూనికు ఆచార్యుడగు ష్రోటర్ గారు ఆ యంత్రమును పరీక్షించిరి. సుమారు 20 అశ్వశక్తుల యా యంత్రము నూనెలోని శక్తిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చుచున్నదని తేలెను. ఆనాటి సామాన్యమైన ఆవిరియంత్రమునకు ఇది రెండింతలకు మించినది. ఆ చరిత్రాత్మక యంత్రము మ్యూనికులోని జర్మను ప్రదర్శనశాలలో భద్రపరుపబడినది.

కీర్తియు కష్టములును

వెంటనే దేశదేశముల ధనికులు హక్కులకై పోటీపడిరి. అమెరికాలో అడాల్ఫస్ బుష్ యను వ్యాపారి పదిలక్షల మార్కు లిచ్చి హక్కులు కొనెను. స్కాట్లండు, రష్యా, ఫ్రాన్సు, స్విట్జర్లాండు దేశములలో కర్మాగారములు వెలసెను. తోపుడుబండిపై తోలుసంచులు మోసిన బాలుడు నలుబదియేండ్లకే కోటీశ్వరుడయ్యెను. మ్యూనికులో రాజభవనమువంటి మేడ కట్టించెను.

అయితే యంత్రశాలలో నిపుణుల చేతులలో చక్కగా నడచిన యంత్రము, సామాన్యుని చేతిలో మొరాయించెను. 1898 లో కెంప్టను పట్టణపు అగ్గిపుల్లల కర్మాగారమున నెలకొల్పిన 60 అశ్వశక్తుల యింజను మాటిమాటికి ఆగిపోవుచు యజమానులకు తలనొప్పి కలిగించెను. నూనెను చిమ్ముటకు మిక్కిలి యొత్తిడిగల గాలి నుపయోగించు పద్ధతి జటిలముగా నుండెను. చిమ్ముడుగొట్టములు పూడుకొనిపోయెను. కవాటములు కారెను. ఆగ్సుబర్గున ఆతని పేరిట స్థాపించిన కర్మాగారము నష్టములలో కూరుకొనెను. యంత్రము పరిపక్వము కాకమునుపే విక్రయమునకు పెట్టబడెననుట సత్యమునకు దూరము కాదు. దానిని బాగుచేసి నిలబెట్టినవారు లౌస్టర్‌వంటి ఓర్పుగల పనివారు. పేరు డీజిల్‌ది, ఓర్పు వారిది.

ఇది చాలక, తానే మొదట కనిపెట్టితి మనువారు వ్యాజ్యెములు తెచ్చిరి. పనిభారముచే తలనొప్పి, నిద్రలేమి ఆతనిని పీడింప 1898 చివర చికిత్సాలయమున చేరవలసివచ్చెను. ధనమును నిలుపుకొను విద్య ఆతనికి తెలియదు. భూముల క్రయవిక్రయములలోను, నూనెబావులలోను పెట్టిన సొమ్ము మునిగిపోయెను.

అయినను ఆతని మనస్సు కేవలము ధనాశతో నిండియుండలేదు. పెద్ద ఆవిరియంత్రములు ధనికులకే యందుబాటులో నుండుటచే చిన్న చేతిపనివారు చితికిపోవుచున్నారని ఆతడు చూచెను. తన తండ్రియు నట్టివాడే కదా! చిన్న కార్ఖానాకును తగిన చౌక యంత్రము నీయవలెనని ఆతని మొదటి యుద్దేశము. 1903 లో పనివారు తమ పైకము కూడబెట్టి తామే కర్మాగారములకు యజమానులై పరస్పరసహాయముతో జీవింపవలెనని బోధించు గ్రంథ మొకటి రచించెను. లోకము ఆతని యంత్రమును కొనెను గాని, ఆ గ్రంథమును కొనలేదు.

మన దేశీయులకు ప్రీతికరమైన విషయ మొకటి. 1900 వ సంవత్సరమున పారిసులో జరిగిన మహాప్రదర్శనమున ఒక చిన్న డీజిల్ యింజను వేరుసెనగనూనెతో నడిపింపబడెను. చూచువారికి భేదమే తెలియలేదట. వేరుసెనగ విరివిగా పండు ఆఫ్రికా వలసరాజ్యములలో స్థానికమైన నూనెతోనే యంత్రములు నడచునా యని ఫ్రెంచి ప్రభుత్వము పరీక్షింపగోరెను. గింజల నూనెలు ఆనాటికి ముఖ్యముగా దోపకపోయినను మునుముందు మండునూనెలుగా ప్రాధాన్యము వహింపగలవని డీజిల్ 1912 లో అభిప్రాయపడెను. వేరుసెనగ, ఆముదము, కానుగ మనకు క్రొత్తవి కావు.

అవసానము

కాలక్రమమున యంత్రము పరిపక్వమయ్యెను. దక్షిణధ్రువమునకు అముండ్‌సెను ప్రయాణముచేసిన ఫ్రాం అను ఓడలో డీజిల్ యింజనే యుండెను. 1912 లో డెన్మార్కు దేశపు సెలాండియా యను గొప్ప ఓడ ఆవిరి లేకయే మహాసముద్రములు దాటి బ్యాంకాకు వరకు పోయివచ్చెను. అదే యేట డీజిల్ అమెరికాకు పోగా ఆదేశమువారు ఆతనిని ఘనముగా గౌరవించిరి. కాని సభలలో పూలదండ లందుకొనుచున్న యా మానవుని యింట ఋణపత్రములు పేరుకొనియుండెను. ఆ సంగతి ఆతడు భార్యకుగాని బిడ్డలకుగాని చెప్పలేదు.

1913 సెప్టెంబరు 29 వ తేదీ సాయంకాలమున బెల్జియములోని ఆంట్వర్పు రేవున డ్రెస్డెను అను ఓడ నెక్కి, ఇద్దరు మిత్రులతో ఇంగ్లండునకు బయలుదేరెను. రాత్రి భోజనమైన పిదప మాటలాడుకొని, పది గంటల ప్రాంతమున తన గది చేరెను. ప్రొద్దుట ఆరుంబావుకు తన్ను లేపుడని ఓడవారితో చెప్పెను. తెల్లవారి చూడగా గది శూన్యము. పడక నలగలేదు. పైతట్టున కటకటాల దగ్గర ఆతని టోపీయు పైకోటును కనుగొనబడెను. దినచర్యపుస్తకములో ఆ తేదీకెదురుగా చిన్న సిలువగుర్తు ఉండెనని చెప్పుదురు. పది దినములకు డచ్చి నావికులు సముద్రమున తేలుచున్న శవమును చూచి, జేబులలోని చిన్నవస్తువులు తీసికొని, ఆనాటి నావికాచారము ననుసరించి కాయమును మరల సముద్రమునకే యప్పగించిరి. ఆ వస్తువులు తన తండ్రివేయని కుమారుడు యూజెను గుర్తించెను.

ఋణములవలన మనస్సు విరిగి తానే యట్లు చేసికొనెనని పెక్కురు నమ్మిరి. శత్రువుల కుట్రయని కొందరు తలచిరి. దానికి రుజువు లేదు. ఆతనికి ఏబదియైదేండ్లు. ఇంటనున్న కుటుంబమునకు మిగిలినవి మేడయు, అప్పులును, పేరును. కష్టమును ఒక్కరితోనైనను చెప్పుకొనియున్నచో అది తేలికపడియుండెడిదేమో. బాలబాలికలు ఈ చరిత్రమున మిక్కిలి జాగ్రత్తగా గ్రహింపవలసిన దిదియే. భారము ఎంతటిదైనను తలిదండ్రులతోను, ఉపాధ్యాయులతోను, స్నేహితులతోను చెప్పుకొనుటకు సిగ్గుపడరాదు.

డీజిల్ మరణానంతరము ఆతని యంత్రము మరింత సులభమైనది. గాలితో నూనెను చిమ్ము జటిలపద్ధతి పోయి, చిన్నపంపుచే నేరుగా నూనెను చిమ్ము పద్ధతి వచ్చెను. జర్మనీలో బాష్ కంపెనీవారు 1927 నుండి అట్టి పంపులను విరివిగా చేసిరి. 1930 ప్రాంతమునుండి ఇంగ్లండులోని లిస్టర్ కంపెనీవారి చిన్నయింజనులు ప్రపంచమంతట వ్యాపించెను. 6 అశ్వశక్తులతో నిమిషమునకు 650 మారులు తిరుగు వారి యింజను మాదిరిగానే రాజకోటలో పెక్కు కర్మాగారములు చిరకాలము యింజనులు చేసినవి. పూనాలో 1946 లో కిర్లోస్కరు ఆయిల్ యింజనుల సంస్థ స్థాపింపబడెను. ఈ విధముగా చిన్నపనివానికి యంత్రము నీయవలెనను డీజిల్ కోరిక ఆతని స్వదేశముకంటె మన పల్లెలలోనే యెక్కువగా నెరవేరినదని చెప్పవచ్చును. జపానుదేశపు యింజను నిర్మాత యమవొక యనువాడు 1957 లో ఆగ్సుబర్గు పట్టణమున డీజిల్ స్మారకముగా శిలోద్యాన మొకటి సమర్పించెను.

మూలబడిన యింజనుకు ప్రాణము పోయుట

ఇక పాకలోని త్రుప్పుపట్టిన యింజనును తలచుకొందము. దానిని మరల నడిపింపగోరువాడు డీజిల్ పడిన మూడు కష్టములనే మరల పడవలెను. ఒత్తిడి నిలుచుట, నూనె తుంపరయగుట, వేడిమి లోహమును చెరుపకుండుట అనునవే యవి.

తొందరపడి చక్రమును బలవంతముగా త్రిప్పరాదు. పిస్టను రింగులు గోడ కంటుకొనియుండిన విరిగిపోవును. పైతల విప్పి, సిలిండరులో కిరసనాయిలు పోసి కొన్నిదినములు నాననిచ్చి, పిమ్మట మెల్లగా కదలింపవలెను. అడుగునగల పాతనూనె తీసివేసి, మడ్డి కడుగవలెను. పిస్టనును వెలికిదీసి, రింగులు గాడులలో స్వేచ్ఛగా కదలుచున్నవో లేదో చూడవలెను. అరిగిన రింగులచే ఒత్తిడి కారిపోవును. ఒత్తిడి లేనిదే వేడిమి లేదు. వేడిమి లేనిదే నూనె మండదు. ఇట్టి యింజనులో గాలి సుమారు పదునారవవంతుకు కుదించబడి 500 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి కాగవలెను. తలలోని కవాటములకు పేస్టు రాచి, పీఠములపై సమముగా కూర్చుండువరకు నూరవలెను. పేరుకొనిన మసిని గీకివేయవలెను.

పిమ్మట నాజిలు. దానిని బయటకు దీసి పంపుతో నొత్తిచూచినపుడు నూనె పొగమంచువలె చిమ్మవలెను. బొట్లుబొట్లుగా కారినచో అది పనికిరాదు. ఆ తుంపర చర్మమును చీల్చి లోనికి పోగలదు గనుక దానికెదురుగా చేయి పెట్టరాదు. నూనెటాంకిని కడిగి, వడపోత గుడ్డను మార్చి, గొట్టములలో చిక్కుకొన్న గాలిని పూర్తిగా పోగొట్టవలెను. సమస్తమును సరిగానున్నను గొట్టములోని యొక్క గాలిబుడగ యింజనును కదలనీయదు. చివరకు బేరింగులకు క్రొత్తనూనె పోసి, చల్లబరచు నీరు పారునట్లు చూచుకొనవలెను.

ఇప్పుడు ఒత్తిడిని విడిచిపెట్టు మీటను ఎత్తిపట్టి, హాండిలుతో చక్రమును త్రిప్పవలెను. బొటనవ్రేలు తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచుకొనుట పాతపనివారి యలవాటు. యింజను ఎదురుతన్నినపుడు చేయి దక్కుటకు అదియే యుపాయము. చక్రము వేగము పుంజుకొనగానే మీటను విడువవలెను. ఒక్కటి, రెండు, మూడు మారులు దగ్గి, పొగ క్రక్కి, పిమ్మట క్రమముగా టక్కు టక్కుమను ధ్వని పుట్టును. నల్లనిపొగ నూనె యెక్కువయైన గుర్తు. నీలిపొగ బేరింగునూనె కాలుచున్న గుర్తు. తెల్లనిపొగ నూనె సరిగా మండలేదనుటకు గుర్తు. ఈ పొగ ఆరోగ్యమునకు హానికరము గనుక తలుపులు మూసిన గదిలో యింజను నడుపరాదు.

ఇట్టి పని పుస్తకములవలన మాత్రమే రాదు. డీజిల్ హక్కుపత్రము పుట్టిన 1893 వ సంవత్సరముననే కోయంబత్తూరు సమీపమున నొక తెలుగు కుటుంబమున జి. డి. నాయుడుగారు జన్మించిరి. బడిచదువు ఆయనకు సాగలేదు. దొరయొకని మోటారుసైకిలును చూచి ముగ్ధుడై, హోటలులో పనిచేసి సొమ్ము కూడబెట్టి, అట్టిదానినే కొని, దానిని ముక్కముక్కలుగా విప్పి మరల బిగించి, యంత్రవిద్య నభ్యసించిరి. 1920 లో ఒక బస్సుతో వ్యాపారము ప్రారంభించిన ఆయన పిమ్మట విద్యుత్తుమోటారులు మున్నగువాని నిర్మాణమునకు కారకులై, విద్యాసంస్థలను స్థాపించి, 1974 లో పరమపదించిరి. విప్పుటకు ధైర్యము చాలును. విప్పినదానిని మరల బిగించుటకు శ్రద్ధ కావలెను.

డీజిల్ చరిత్రమును చదివినవారు ఆతని బుద్ధిని మెచ్చుకొనక తప్పదు. కాని బుద్ధితోపాటు మూడు విషయములు కావలెనని ఆతని జీవితమే తెలుపుచున్నది. తప్పు తెలిసినపుడు ఒప్పుకొనుట యొకటి. పని పూర్తికాకమునుపు పూర్తియైనదని చెప్పకుండుట రెండవది. కష్టకాలమున ఒంటరిగా మిగిలిపోకుండుట మూడవది. మొదటి రెండును లోపించినందున ఆతని కీర్తి బాధపడినది. మూడవది లోపించినందున ఆతడే పోయెను.

విద్యార్థులారా! మీ ఊరిపాకలో మూలబడిన యింజను ఉన్నచో దాని ప్రక్క నొక ఘడియ నిలువుడు. పెద్దవారి యనుమతిపై, ఎరిగిన పనివాని సహాయముతో దాని కవాటము నొకదానిని చేతపట్టి చూడుడు. ఆగ్సుబర్గు యంత్రశాలలో ఒక్క నిమిషము తిరిగి ఆగిపోయిన యింజను, టోపీ తీసి నిలుచున్న లిండర్, మరి మూడేండ్లు విసుగక పనిచేసిన పనివారు మీకు స్ఫురింతురు. ఆగిపోయిన యంత్ర మెల్ల చచ్చిపోయినది కాదు. ఓర్పుతో కడిగి, నూరి, సరిచూచువాని చేయి సోకినచో, ముప్పదియేండ్లు మౌనముగా నున్న యినుము సైతము మరల పలుకును.